కంపెనీ గుంట: రైలుకట్ట పక్కన 62 సెంట్ల కేసు

సర్వే శాఖలో రిటైరయ్యాక మార్కాపురం చుట్టుపక్కల ప్రైవేటుగా కొలతలు చేస్తున్నాను. రైలుకట్ట పక్కన పొలాల తగాదాలు చాలానే చూశాను. ఈ ఒక్కటి వివరంగా రాసిపెట్టడానికి కారణం ఉంది. ఇందులో నేను రెండుసార్లు తప్పుదారి పట్టాను. ఆ లైను ఎవరు వేశారో, వాళ్ళ హక్కు ఎంతవరకో తెలుసుకోకుండా టేపు పట్టుకుని పొలంలోకి దిగడమే రెండుసార్లూ జరిగిన పొరపాటు. ఊరి పేరు, మనుషుల పేర్లు, సర్వే నంబర్లు రాయడం లేదు. కొలతల్ని సులువుగా అర్థమయ్యేలా దగ్గరి అంకెకి సరిచేశాను.

నేపథ్యం

ఊరు మార్కాపురం రోడ్డు స్టేషనుకీ కంభానికీ మధ్య, గుంటూరు–గుంతకల్లు లైను మీద ఉంది. నల్లమల దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండ మీదుగా వెళ్ళే ఈ లైను 1880ల చివర్లో వేసింది. 1876–78 నాటి ధాత కరువులో ఈ మెట్ట ప్రాంతాలకి గింజలు చేర్చే దారి లేక జనం రాలిపోయారు. ఆ తర్వాత కరువు సీమలకి రైలు వేయాలని ప్రభుత్వం పూనుకుంది. 1882లో లండన్‌లో ఏర్పడ్డ సదరన్ మరాఠా రైల్వే కంపెనీకి ఆ పనిలో పెద్ద భాగం దక్కింది. కంపెనీ కచేరీ ధార్వాడలో ఉండేది. ఆ భవనం ఇప్పుడు కర్ణాటక కాలేజీ. పట్టాలు మీటరు గేజివి. 1890 నాటికి పడమట గోవా సరిహద్దు నుంచి మన కృష్ణా తీరం దాకా కంపెనీ బళ్ళు తిరిగాయి.

1908లో ఈ కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. 1944 ఏప్రిల్‌లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. 1951లో అది దక్షిణ రైల్వేలో భాగమైంది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది, 2003లో గుంటూరు డివిజన్ వచ్చింది. మీటరు గేజి పోయి బ్రాడ్‌గేజి పడింది 1990ల్లో. రెవెన్యూ వైపు చూస్తే, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒంగోలు జిల్లాకి ప్రకాశం పేరు పెట్టింది 1972లో.

ఇదంతా చరిత్ర పాఠంలా ఉందని నాకు తెలుసు. కానీ ఈ కేసులో ప్రతి కాగితం ఈ పేర్లలో ఏదో ఒకదాని కింద దాక్కుని ఉంది. సరైన పేరు తెలియక నేను పోగొట్టుకున్న కాలం దాదాపు ఏడు నెలలు.

వచ్చిన సమస్య

2016–17లో గుంటూరు–గుంతకల్లు లైను రెండో ట్రాక్‌కి మంజూరైంది, 401 కిలోమీటర్లు. ఆ పని మా వైపు వచ్చేసరికి కట్టకి రెండు పక్కలా పాత హద్దు తేల్చడానికి రైల్వే, రెవెన్యూ వాళ్ళు కలిసి జాయింట్ సర్వే చేశారు. ఒక రైతు కుటుంబం కందిచేలో కొయ్యలు పాతి తెల్లరంగు పూశారు. కొయ్యలకి అవతల 62 సెంట్లు పడింది. అది రైల్వే భూమి, ఖాళీ చేయాలి అన్నారు.

కుటుంబం పాస్‌బుక్‌లో 4 ఎకరాల 74 సెంట్లు ఉంది. సాగులో ఉన్నది కూడా సరిగ్గా అంతే. పెద్దాయనకి డెబ్బై దాటాయి, ఆయన తల్లికి తొంభై. కొడుకు నా దగ్గరికి వచ్చినప్పుడు ఒకటే మాట అన్నాడు: "సార్, మా తాత కాలం నించీ కట్ట మొదలుదాకా మేమే దున్నుతున్నాం. ఇప్పుడొచ్చి పోండంటే యాడికి పోతాం? తీసుకుంటే తీసుకోండి గానీ, లెక్కగట్టి డబ్బులియ్యండి."

ఆ కుటుంబానికి ఆ పొలం తప్ప వేరే ఆధారం లేదు. కొడుకు మాట న్యాయంగానే తోచింది. పాస్‌బుక్ ఉంది, రెండు తరాల సాగు ఉంది. ఈ సానుభూతే మొదట్లో నా కళ్ళకి అడ్డం పడిందని ఇప్పుడు తెలుస్తోంది.

మొదటి ప్రయత్నం: రిజిస్టర్లు

అలవాటు ప్రకారం ఆర్‌ఎస్‌ఆర్‌తో, అంటే ఏ సర్వే నంబరులో ఎంత భూమి ఎవరిదో రాసిన పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరుతో, మొదలుపెట్టాను. రైల్వే పోరంబోకుకి అందులో వేరే సర్వే నంబరు ఉంది కాబట్టి అది రైలు పడ్డాక రాసిన రిజిస్టరే. కుటుంబం పట్టా నంబరు ఎదురుగా 4 ఎకరాల 33 సెంట్లు ఉంది. అంటే పాస్‌బుక్‌కీ దీనికీ 41 సెంట్ల తేడా. పాస్‌బుక్‌లు ఇచ్చిన రోజుల్లో సాగులో ఉన్నంతా రాసేసిన సందర్భాలు మా ప్రాంతంలో కొల్లలు. కాబట్టి తేడా ఉండటం వింత కాదు. ఆ తేడా నాలుగు గట్లలో ఏ గట్టు దగ్గర ఉందన్నదే ప్రశ్న.

దానికి ఎఫ్‌ఎంబీ, అంటే ప్రతి గట్టు కొలతా గీసి రాసిన సర్వే పుస్తకం, కావాలి. నకలు దొరికింది గానీ, రైలుకట్ట వైపు అంచు చిరిగిపోయి ఉంది. మిగతా మూడు వైపుల లింకుల అంకెలు కనిపిస్తున్నాయి, నాలుగో వైపు కాగితమే లేదు. 1970కి ముందు కాగితాలు కర్నూలులో ఉండొచ్చని వెళ్ళాను. అక్కడ రెండు రోజులు కూర్చుంటే ఇంకో నకలు దొరికింది. అది మొదటి దానికి నకలే. చిరిగిన తర్వాత తీసింది.

ఈలోగా కుటుంబం తరఫు వకీలు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించారు. కంపెనీ పేరు మీద ఆ ఊళ్ళో ఒక్క దస్తావేజు కూడా లేదు. "కంపెనీ కొన్నట్టు కాగితమే లేకపోతే వాళ్ళకి హక్కెక్కడిది?" అన్నారు ఆయన. ఆ వాదన విని నేను కూడా తల ఊపాను. అది నా మొదటి తప్పు.

సదరన్ మరాఠా కంపెనీకి ఈ లైను మీద సొంత భూమి అంటూ లేదు. మన వైపు వచ్చిన ఈ ముక్క పేరు బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే. ఆస్తి ప్రభుత్వానిది, నడిపేది కంపెనీ. కంపెనీ లండన్‌లో పెట్టుబడి పోగుచేస్తుంది, ప్రభుత్వం ఆ పెట్టుబడికి వడ్డీ హామీ ఇస్తుంది. భూమిని మాత్రం కలెక్టరే సేకరించి కంపెనీ చేతికి అప్పగిస్తాడు. రైతు నుంచి కంపెనీ కొనదు కాబట్టి దస్తావేజు ఉండదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వంద సంవత్సరాలు వెతికినా దొరకదు. దస్తావేజు లేకపోవడం వల్ల హక్కు లేదని తేలదు, మనం తప్పు గదిలో వెతుకుతున్నామని మాత్రమే తేలుతుంది. ఈ సంగతి నాకు చెప్పింది రైల్వేలో ఇంజనీరింగు వైపు పనిచేసి రిటైరైన ఒక స్నేహితుడు. టీ తాగుతూ మామూలుగా చెప్పాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో ప్రయత్నం: పాత ప్లాను, 13 సెంట్లు

ఎఫ్‌ఎంబీ చిరిగిపోతే రెండో దారి రైల్వే వాళ్ళ దగ్గరుండే ల్యాండ్ ప్లాను. సమాచార హక్కు చట్టం కింద కంపెనీ పేరు రాసి అడిగితే, ఆ పేరుతో రికార్డు లేదని జవాబు వచ్చింది. అది నిజమే. చేతులు మారిన ప్రతిసారీ ఫైళ్ళ పైన అట్ట మారింది. రెండోసారి కంపెనీ పేరు తీసేసి, పొలానికి అటూ ఇటూ ఉన్న రెండు కల్వర్టుల నంబర్లు, ఊరి పేరు, పాత తాలూకా పేరు రాశాను. ఆరు వారాలకి ప్లాను నకలు వచ్చింది.

మనుషుల పేర్లు, ఆఫీసుల పేర్లు మారినా కల్వర్టు కదలదు. అందుకే అది మంచి ఆనవాలు.

ప్లానులో కట్ట నడిగీత నుంచి హద్దు దాకా దూరం రాసి ఉంది. పొలం ముఖం, అంటే కట్ట వైపు అంచు, 300 అడుగులు. అందులో తూర్పు వైపు 117 అడుగుల మేర ఒకటిన్నర చైను. అక్కడ హద్దు మెట్టులా లోపలికి విరిగి, మిగతా 183 అడుగుల మేర ఒక చైను. కుటుంబం నడిగీతకి 60 అడుగుల దాకా దున్నుతోంది.

సర్వే శాఖలో పనిచేసినవాడికి గొలుసు అంటే 66 అడుగులే. వంద లింకులు, 66 అడుగులు. నిద్రలో లేపి అడిగినా అదే చెబుతాం. ఒకటిన్నర చైను అంటే 99 అడుగులు, ఒక చైను 66 అడుగులు అని లెక్క కట్టాను. అప్పుడు కుటుంబం దాటి వచ్చింది మొత్తం 13 సెంట్లు మాత్రమే. ఆర్‌ఎస్‌ఆర్‌లో 41 తేడా కనిపిస్తోంది కదా, మిగతా 28 ఏమైంది? పక్క గట్ల దగ్గర ఉండి ఉంటుందిలే అనుకున్నాను. మూడు వైపులా ఎఫ్‌ఎంబీ అంకెలు నా దగ్గరే ఉన్నాయి, కొలిచి చూడవలసింది. చూడలేదు. 62లో 49 సెంట్లు మీవే అని వాళ్ళకి చెప్పేశాను. ఆ సాయంత్రం వాళ్ళింట్లో అందరి ముఖాలూ వెలిగాయి. ఆ సంతోషానికి కారణం నా తప్పు లెక్క.

అవ్వ చెప్పిన మాట

రిపోర్టు రాయడానికి ముందు పొలం ఫొటోలు తీద్దామని మళ్ళీ వెళ్ళాను. పెద్దాయన తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. మాటల్లో "ఆ కొసన కంది ఎందుకవ్వా అంత ఏపుగా ఉంది?" అని అడిగాను.

"అది కంపెనీ గుంట గదయ్యా," అంది. "నేను కాపురానికొచ్చినప్పుడు అందులో మనిషి మునిగేంత నీళ్ళు. బర్రెలు పడుకునేవి. మా మామ చెరువు మట్టి తోలి పూడ్చి జొన్న జల్లినాడు. ఆ యాపచెట్టు దాకా గుంటే."

కంపెనీ గుంట. ఆ ఇంట్లో అందరూ ఆ తావుని అదే పేరుతో పిలుస్తున్నారు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం సర్వే నంబరు చెబుతున్నారు. నేనూ పేరు అడగలేదు.

రైలుకట్ట పోయడానికి పక్కనే మట్టి తవ్వుతారు. ఆ గోతులే గుంటలు. అవ్వ చెప్పిన వేపచెట్టు దాకా టేపు పట్టాను. కట్ట నడిగీత నుంచి 148 అడుగులు. నా లెక్క ప్రకారం రైల్వే హద్దు ఎంత దూరమైనా 99 దగ్గరే ఆగిపోవాలి. తన హద్దు దాటి యాభై అడుగులు అవతల కంపెనీ గొయ్యి ఎందుకు తవ్వింది?

అప్పుడు మొదటిరోజే చేయవలసిన పని చేశాను. ప్లానులో రెండు కల్వర్టుల మధ్య దూరం 14 చైన్లని ఉంది. నా గొలుసు లెక్కలో అది 924 అడుగులు. నేల మీద కొలిస్తే 1,400 అడుగులు వచ్చింది. ఇంకోసారి కొలిచాను. 1,400. రైల్వే ఇంజనీర్లు వాడింది 100 అడుగుల చైను. నా గొలుసూ వాళ్ళ చైనూ పేరులో ఒకటే, పొడవులో 34 అడుగుల తేడా.

ఇక్కడ ఒక చిన్న సంగతి. దూరం కొలవడానికి ఇప్పటి పట్టాల మధ్యగీత తీసుకోలేదు. గేజి మార్చినప్పుడు పట్టాలు కొంత జరిగి ఉండొచ్చు. కల్వర్టులని కూడా సిమెంటుతో పొడిగించారు. కిందికి దిగి చూస్తే మధ్యలో కంపెనీ నాటి రాతికట్టు అలాగే ఉంది, చెక్కిన రాళ్ళ మధ్య సున్నం గచ్చు. రెండు కల్వర్టుల్లోనూ ఆ పాత కట్టు మధ్యబిందువుకి తాడు లాగి, ఆ గీత నుంచి కొలిచాను. మోకాళ్ళ లోతు బురదలో ఒక పూట పట్టింది.

కొత్త లెక్క: తూర్పున 117 అడుగుల మేర హద్దు 150 అడుగులు. పడమట 183 అడుగుల మేర 100 అడుగులు. కుటుంబం దాటి వచ్చింది 41 సెంట్లు. ఆర్‌ఎస్‌ఆర్‌కీ పాస్‌బుక్‌కీ ఉన్న తేడా కూడా సరిగ్గా 41. మిగతా మూడు గట్లూ కొలిచాను, ఎఫ్‌ఎంబీ అంకెలకి సరిపోయాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారుల్లో ఒకే అంకె వస్తే, కొలిచేవాడికి అంతకన్నా గట్టి రుజువు లేదు.

జాయింట్ సర్వేలో 62 ఎందుకొచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. వాళ్ళ చేతిలో ఉన్న జాబితాలో ఆ ఊరి దగ్గర హద్దుకి 150 అడుగులని ఒకటే అంకె ఉంది. దాన్ని 300 అడుగుల ముఖం పొడవునా సూటిగా లాగారు. మెట్టు దగ్గర లోపలికి తిరగాలి. తిరిగితే 50 అడుగుల వెడల్పు, 183 అడుగుల పొడవున్న ముక్క బయటపడుతుంది. అది 21 సెంట్లు.

21 సెంట్లు ఎవరివి?

ఇక్కడ ఆగిపోవచ్చు. కానీ అవ్వ మాట ప్రకారం గుంట ముఖం పొడవునా వేపచెట్టు వరుస దాకా ఉంది. ఆ 21 సెంట్లలో కూడా కంపెనీ తవ్వింది. తవ్విన చోటంతా సేకరించిన భూమే అని ఎదుటివాళ్ళు అంటే ప్లాను ఒక్కటి సరిపోదు. తవ్వకానికీ హద్దుకీ తేడా ఎలా వచ్చిందో చూపించాలి.

వకీలు 1894 భూసేకరణ చట్టం కింద అవార్డు, అంటే పరిహారం తేల్చిన ఉత్తర్వు, కోసం వెతికిస్తున్నారు. ఈ లైను అంతకు ముందే పడింది. అప్పుడు అమల్లో ఉన్నది 1870 నాటి 10వ చట్టం. చట్టం పేరు మారితే వెతకవలసిన సంవత్సరాలూ మారతాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్లు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళాను. మొదటిరోజు సూచికలో సదరన్ మరాఠా అని వెతికాం. మన ఊరు లేదు. రెండో రోజు మధ్యాహ్నం స్నేహితుడు టీ దగ్గర చెప్పిన మాట గుర్తొచ్చి బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే అనే శీర్షిక చూశాను. కర్నూలు జిల్లా, తాలూకా, ఊరు, విస్తీర్ణం, అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. కాగితం బిస్కెట్‌లా పెళుసుగా ఉంది. ఆ కుర్రాడు తన ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఇప్పుడెవరూ రాయని స్పెల్లింగులో చదువుకుని కాసేపు దాని మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

గెజిట్‌లో ఆ ఊరికి రాసిన మొత్తం విస్తీర్ణాన్ని ప్లాను మీద లెక్కగట్టి చూశాను. మెట్టు ఉన్న హద్దు తీసుకుంటే సరిపోతుంది. సూటిగా లాగిన హద్దు తీసుకుంటే సరిపోదు. ప్లానులో కూడా ఆ 21 సెంట్ల ముక్కకి వేరే రంగు పూసి ఉంది. మొదటిసారి అది తేమ మరక అనుకున్నాను. శాశ్వతంగా సేకరించడమే కాకుండా, మట్టి కోసం కొన్నాళ్ళు తాత్కాలికంగా భూమి తీసుకుని, పరిహారం ఇచ్చి తిరిగి అప్పగించే పద్ధతి భూసేకరణ చట్టంలో ఉంది. తర్వాత వచ్చిన 1894 చట్టంలో 35వ సెక్షన్ దాని గురించే ఉండేది, గడువు మూడేళ్ళకి మించకూడదు. రంగు తేడాకి అర్థం అదే. తూర్పు వైపు గుంట ప్రభుత్వం సేకరించిన భూమిలో ఉంది. పడమటి గుంట రైతు భూమిలో మట్టి తవ్వుకుని తిరిగి ఇచ్చింది. పూడ్చిన తర్వాత నేల మీద రెండూ ఒకటే. ఊరు రెండింటికీ ఒకటే పేరు పెట్టింది.

ట్రంకుపెట్టెలో కాగితం

ఇప్పుడు 41 సెంట్ల సంగతి. వకీలు దగ్గర ఇంకో వాదన ఉంది. ప్రభుత్వ భూమి అయినా ముప్ఫై ఏళ్ళకి పైగా అడ్డులేకుండా, సొంతదారులుగా అనుభవిస్తే, తిరిగి దావా వేయడానికి ప్రభుత్వానికి కాలదోషం పడుతుంది. 1963 లిమిటేషన్ చట్టంలో ఆ గడువు ఉంది. కుటుంబం సాగు అరవై ఏళ్ళ పైమాటే.

సాగు ఎప్పుడు మొదలైందో రుజువులు కావాలని ఇంట్లో పాత కాగితాలన్నీ తీయించాం. అవ్వ మామగారి ట్రంకుపెట్టెలో శిస్తు రసీదుల మధ్య ఒక చిన్న రసీదు కనిపించింది. 1950ల నాటిది. రెండు కల్వర్టుల మధ్య రైల్వే ఖాళీ జాగాలో ఆ ఏడాది పైరు వేసుకోవడానికి కట్టిన రుసుము. ఆహార కొరత రోజుల్లో ఎక్కువ పండించే ఉద్యమం కింద రైల్వే తన ఖాళీ భూముల్ని ఇలా ఏడాది లెక్కన సాగుకి ఇచ్చేది.

ఈ ఒక్క కాగితంతో వకీలు వాదన కూలిపోతుంది. రుసుము కట్టి సాగు చేశాడంటే అది రైల్వేదని ఆ పెద్దమనిషి ఒప్పుకున్నట్టే. అనుమతితో మొదలైన సాగు దానంతట అదే సొంతం అయిపోదు.

ఆ రసీదు చూసింది నేను ఒక్కణ్ణే. కొడుకు పక్క గదిలో ఉన్నాడు. దాన్ని మళ్ళీ ట్రంకులో పెట్టేయొచ్చు. పెట్టేస్తే ఏమవుతుందో ఆలోచించాను. ఇలాంటి రసీదుకి జోడు పుస్తకం రైల్వే దగ్గర ఎక్కడో ఉండొచ్చు. కేసు సగంలో అది బయటికొస్తే కుటుంబం మాటకి విలువ పోతుంది. దాంతో న్యాయంగా వాళ్ళదైన 21 సెంట్లు కూడా అనుమానంలో పడతాయి. అంతకన్నా ముందు, నాలుగు వైపులా కొలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా వృత్తి. ఒక వైపు కొలత దాచి ఇచ్చిన రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేను.

పెద్దాయన్నీ కొడుకునీ కూర్చోబెట్టి రసీదు చేతికిచ్చాను. ముందు చెప్పిన 49 సెంట్ల లెక్క తప్పనీ, ఆ తప్పు నాదేననీ చెప్పాను. కొడుక్కి కోపం వచ్చింది. రావడంలో తప్పులేదు. పెద్దాయన చాలాసేపు ఆ రసీదుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా తాత సంతకమే," అన్నాడు చివరికి. "ఆయన రుసుము కట్టినాడంటే మనది అని అనుకోలేదు గదా. మనం ఎట్టా అనేది?"

ఫలించిన దారి

41 సెంట్లు వదులుకుంటామనీ, 21 సెంట్లు పట్టాలోవనీ ఒకే అర్జీలో రాశాం. గెజిట్ పేజీ, ప్లాను, కల్వర్టుల మధ్య కొలత, ఆర్‌ఎస్‌ఆర్, రుసుము రసీదు, అన్నీ జతచేశాం. వకీలు మొదట రసీదు పెట్టడానికి ఒప్పుకోలేదు. తర్వాత ఆయనే దాన్ని పైన పెట్టారు. మనకి నష్టం చేసే కాగితం మనమే ఇచ్చినప్పుడు మిగతా కాగితాల్ని ఎదుటివాళ్ళు నమ్మకంతో చదువుతారని ఆయన అనుభవం.

మళ్ళీ జాయింట్ సర్వే పెట్టారు. కొలిచేవాళ్ళతో కలిసి నేను మొదట కల్వర్టుల మధ్య 1,400 అడుగులు కొలిచి చూపించాను, తర్వాతే పొలంలోకి దిగాం. చైను పొడవు మీద అందరం ఒక మాటకి వచ్చాక మెట్టు దగ్గర తిరగడం గురించి వాదన పెద్దగా జరగలేదు. కొయ్యలు పీకి కొత్త గీత మీద పాతారు. 41 సెంట్లలో ఉన్న కంది కోసుకోవడానికి గడువు ఇచ్చారు. పాస్‌బుక్‌ని 4 ఎకరాల 33 సెంట్లకి సవరించడానికి కుటుంబమే దరఖాస్తు పెట్టుకుంది.

కోసుకున్నాక రైల్వేకి అవసరం లేని ముక్క ఏదైనా మిగిలితే తమకే తిరిగి వస్తుందా అని కొడుకు అడిగాడు. అలా రాదని చెప్పాను. సేకరించిన భూమి ప్రభుత్వానికి చెందిపోతుంది. పనికిరాకపోతే రెవెన్యూ శాఖకి పోతుంది. దాన్ని ఏం చేయాలన్నది రెవెన్యూ శాఖ పాత నియమావళిలోని బోర్డు స్టాండింగ్ ఆర్డరు 90 ప్రకారం ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పాత రైతు వారసులకి హక్కుగా రాదు. చాలా కుటుంబాలు ఈ ఆశతోనే ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి.

నా పనిలో మార్చుకున్నవి

రైలుకట్ట పక్కన ఏ కేసు వచ్చినా ఇప్పుడు మొదటి కాగితం మీద రెండు వరసలు గీస్తాను. ఒక వరసలో ఆ లైను ఏ ఏడాది ఎవరి చేతిలో ఉందో, రెండో వరసలో ఆ ఊరు ఏ ఏడాది ఏ జిల్లాలో ఉందో. ఆ రెండూ కలిసే చోట కాగితం ఉంటుంది. పాత ప్రకాశం జిల్లాలో ఇది మరీ ముఖ్యం. ఒంగోలు, చీరాల వైపు గుంటూరు నుంచి, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. ఇప్పుడు నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా పోతోంది. ఆ పొలాల పాత లెక్కల కోసం ఒంగోలులో మాత్రమే వెతికేవాళ్ళని చూస్తున్నాను. నెల్లూరు వెళ్ళండని చెబుతున్నాను.

పాత ప్లాను చేతికొస్తే హద్దు జోలికి పోకుండా ముందు కదలని రెండు కట్టడాల మధ్య దూరం నేల మీద కొలుస్తాను. ఆ ఒక్క పనికి గంట పడుతుంది. ఈ కేసులో అది మొదటిరోజు చేసి ఉంటే ఆ ఇంటివాళ్ళకి లేని ఆశ పెట్టేవాణ్ణి కాదు.

రాళ్ళ గురించి కూడా ఒక మాట. హద్దురాయి ఒకటి ఉందని కుటుంబం మొదట్లో చూపించింది. సాయంత్రం ఏటవాలు ఎండలో ముగ్గుపిండి రుద్ది తుడిస్తే ‘ఆర్’ అనే అక్షరం, కింద ఒక అంకె కనిపించాయి. అసలు రైల్వే రాయే. కానీ అది ఉన్నది వాళ్ళ పెరట్లో, బర్రెని కట్టే గుంజగా. ఎప్పుడు, ఎక్కడి నుంచి తెచ్చి పాతారో ఎవరికీ గుర్తులేదు. కదిలిన రాయి అది రాయి అని తప్ప ఇంకేమీ చెప్పదు. రిపోర్టులో దాని ప్రస్తావన రాసి, రుజువుగా తీసుకోలేదని కూడా రాశాను.

పొలానికి వెళ్ళినప్పుడు ఇంట్లో అందరికన్నా పెద్ద వయసువాళ్ళని ఆ తావు పేరేంటని అడుగుతున్నాను. సర్వే నంబరు చెప్పబోతే, అది కాదు, మీరు పిలుచుకునే పేరు అంటాను.

కొత్త హద్దురాళ్ళు నాటిన రోజు అవ్వ మంచం మీద మనవడితో మోయించుకుని పొలానికి వచ్చింది. మెట్టు మూల దగ్గర రాయి నిలబెట్టి, చుట్టూ గులకరాళ్ళు పోసి దిమ్మిస కొడుతున్నారు. వేపచెట్టు ఎటువైపు పడిందని నన్ను అడిగింది. మీ వైపే అవ్వా అన్నాను. మంచం ఆ నీడలోకి జరపమంది.